గండి పడిందా, గండి కొట్టామా?

తెలుగులో చాలా పనులకు రెండేసి క్రియలు ఉన్నాయి. పొలం మునుగుతుంది, పొలాన్ని ముంచుతాం. తాడు తెగుతుంది, తాడును తెంచుతాం. కొమ్మ విరుగుతుంది, కొమ్మను విరుస్తాం. ముప్పై రెండేళ్ళు హైస్కూలులో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి కనుక, అకర్మక క్రియ, సకర్మక క్రియ అంటూ ఈ జంటలను నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. గోదావరి డెల్టాలో పుట్టిన పిల్లలకు బడికి రాకముందే తెలిసిన జంట మరొకటి ఉంది: గండి పడటం, గండి కొట్టడం. వరదకు గట్టు తెగితే గండి పడింది అంటాం. మనిషి పార పట్టుకుని తెంచితే గండి కొట్టాడు అంటాం. మునిగే చేనుకు ఆ రెండింటి మధ్య తేడా ఏమీ లేదు, తేడా అంతా చేసినవాడికే. శాస్త్రవాక్యాన్ని ఉన్నదున్నట్టు చదవాలా, లోపలి అర్థం తీసి చదవాలా అన్న ప్రశ్న, మనిషికి తన పని మీద స్వాతంత్ర్యం ఉందా లేదా అన్న ప్రశ్న, ఈ రెండూ నా వరకు పుస్తకాలలో కాక ఈ రెండు క్రియల మధ్యనే ఎదురుపడ్డాయి. ఆ సంగతి దాచుకోకుండా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది ముక్తేశ్వరం దగ్గరి ఒక పల్లె. గోదావరి పాయ గౌతమికి అవతలి ఒడ్డున కోటిపల్లి రేవు ఉంటుంది. నాకు రెండెకరాల చేను ఉంది. దానికి ఒక పక్క పంట బోదె, అంటే నీరు పెట్టే పిల్లకాలువ, మరో పక్క మురుగు బోదె, మురుగు బోదెకు ఆవల మూరెడు పల్లంలో ఒక శివారు చేను. ఆ శివారు చేను ఎకరం ముప్పై సెంట్లు ఒక పెద్దాయన కౌలుకు చేస్తున్నారు. నేను ఆయనను బాబాయ్ అంటాను, ఆయన నన్ను మాస్టారూ అంటారు. ఊళ్ళోని ప్రార్థన మందిరంలో ఆయన సంఘ పెద్ద. కొన్నేళ్ళ కిందట, కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిన రోజుల్లో, తుపాను వాన పట్టింది. సార్వా (ఖరీఫ్ వరి) కోతలు అప్పటికి సగమే అయ్యాయి. నా చేను ఇంకా కోయలేదు, కంకి బరువుకు పడిపోయి నీళ్ళలో నానుతోంది. బాబాయ్ చేను కోసి పనల (కోసిన వరి కట్టల) మీద ఉంది. మురుగు బోదె నిండిపోయి, దిగువకు కదలకుండా నిలబడింది. మూడో రాత్రి నేను పారా టార్చిలైటూ పట్టుకుని వెళ్ళి, బోదె అవతలి గట్టును ఆయన చేనులోకి తెంచాను. పది పారల మట్టి కూడా తీయలేదు. ఆ తరువాతి పని నీరే చేసింది. చీకట్లో ఆ నీటి చప్పుడు మొదట చెంబులోంచి వంపినట్టు ఉండి, చూస్తుండగానే తూములోంచి దూకినట్టు అయింది.

తెల్లవారేసరికి ఆయన పనలన్నీ తేలి గట్టు వారకు చేరాయి. నీరు తీసిన తరువాత ఆయన ఒక పన విప్పి, నాలుగు కంకులు అరచేతిలో నలిపి నాకు చూపించారు. ప్రతి గింజ మొననా, పసిపిల్లల చిగురులో అప్పుడే కనిపించే పాలపన్నులాగా, తెల్లటి మొలక బయటికి వచ్చి ఉంది. ఆ ధాన్యాన్ని మిల్లువాళ్ళు కొనరు, విత్తనానికీ ఉంచుకోలేం.

"గట్టుకు గండి పడింది బాబాయ్," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి, "పడిందాండీ, కొట్టారాండీ?" అని అడిగారు.

"అంతా దైవేచ్ఛ బాబాయ్. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు. మన చేతుల్లో ఏముంది?" అన్నాను. ఆయన "ఆయ్" అని, చేతిలోని గింజలను గట్టు మీద రాల్చి, పనలు ఏరుకోవడానికి నీళ్ళలోకి దిగారు.

ఆ మాట నా నోటికి ఊరికే రాలేదు. అప్పటికి చాలా ఏళ్ళుగా మా రామాలయంలో ఏకాదశినాటి సాయంత్రాలు నేను భగవద్గీత చెబుతూ ఉండేవాణ్ణి. కురుక్షేత్రం అంటే మనిషి మనసు, కౌరవులు దుర్గుణాలు, పాండవులు సద్గుణాలు, శ్రీకృష్ణుడు అంతరాత్మ అని చెప్పేవాణ్ణి. ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. గీత చరిత్రగ్రంథం కాదనీ, యుద్ధం నెపంతో మనిషి హృదయంలో నిరంతరం జరిగే ద్వంద్వయుద్ధాన్నే అది వర్ణిస్తున్నదనీ, 1888-89లో గీతతో తొలి పరిచయం కలిగినప్పుడే తనకు అనిపించిందని గాంధీజీ రాశారు. దానికి ఎదురుగా, మండాలే జైలులో గీతకు వ్యాఖ్య రాసి 1915లో ప్రకటించిన తిలక్, కళ్ళ ఎదుట నిలిచిన యుద్ధంలో కర్తవ్యం చేయమని చెప్పిన కర్మయోగ శాస్త్రంగా దాన్ని చదివారు. ఇద్దరూ ఆ చదువుకు తమ జీవితాన్ని ఒడ్డి నిలబడ్డవారే కనుక వారిని విమర్శించడానికి నేను సరిపోను. నా చదువులో జరిగినది వేరు. "యుద్ధం చేయి" అన్న చోట, అంటే నాకు ఒక పని చెప్పిన చోట, నేను రూపకార్థం తీసేవాణ్ణి. "నిమిత్తమాత్రం భవ సవ్యసాచిన్" (అర్జునా, నువ్వు నిమిత్తమాత్రుడివిగా ఉండు) అన్న చోట, "భ్రామయన్ సర్వభూతాని యంత్రారూఢాని మాయయా" అన్న చోట, అంటే ఈశ్వరుడే ప్రాణులన్నిటినీ యంత్రం మీద ఎక్కించి తిప్పుతున్నాడని చెప్పిన చోట, అక్షరాలా పట్టుకునేవాణ్ణి. నాకు బరువైన మాట మెటాఫర్ అయింది, నన్ను కాపాడే మాట వాస్తవం అయింది. ఆ యంత్రం శ్లోకానికి సరిగ్గా రెండు శ్లోకాల తరువాత, అదే పద్దెనిమిదో అధ్యాయంలో, "విమృశ్యైతదశేషేణ యథేచ్ఛసి తథా కురు" అని ఉంది: దీన్నంతా పూర్తిగా విచారించి, నీకు ఎలా ఇష్టమైతే అలా చేయి. ఆ శ్లోకాన్ని నేను ప్రతిసారీ రాగయుక్తంగా చదివి ముందుకు వెళ్ళిపోయేవాణ్ణి.

మన ఆలంకారికులు ఈ విషయంలో చాలా కచ్చితమైనవాళ్ళు. మాటకు నేరుగా ఉన్న అర్థం ముఖ్యార్థం; దాన్ని వదిలి దానికి సంబంధించిన మరో అర్థానికి, అంటే లక్ష్యార్థానికి వెళ్ళడాన్ని లక్షణ అంటారు; దానికి మూడు షరతులు చెప్పారు. ముఖ్యార్థం అక్కడ కుదరకపోవాలి, కొత్త అర్థానికి పాత అర్థంతో సంబంధం ఉండాలి, రూఢి (స్థిరపడిన వాడుక) గాని ప్రయోజనం గాని ఉండాలి. "గంగాయాం ఘోషః", అంటే గంగలో గొల్లపల్లె ఉంది అనేది వాళ్ళు తరతరాలుగా చెప్పే ఉదాహరణ: ప్రవాహం మీద పల్లె నిలవదు కనుక గంగ ఒడ్డున అని అర్థం చేసుకోవాలి. మా లంక గ్రామాల పిల్లలకు ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఒకడు లేచి, "మా ఊరు గోదాట్లోనే ఉందండి" అనేవాడు. అది నిజమే, నాలుగు పక్కలా నది ఉండి, వరద వస్తే పడవల మీద బియ్యం తెచ్చుకునే ఊరికి ముఖ్యార్థమే చక్కగా కుదురుతుంది. ఎక్కడ కుదురుతుందో ఎక్కడ కుదరదో ఆ చోటికి వెళ్ళి చూస్తేనే తెలుస్తుందని నాకు ఆ పిల్లలే నేర్పారు. వేదవాక్యాల అర్థాన్ని నిర్ణయించే మీమాంసకులు ఇంకా ముందుకు వెళ్ళి, ఇది చేయి, ఇది చేయకు అని చెప్పే విధివాక్యంలో లక్షణ పట్టకూడదని, స్తుతి కోసమో నింద కోసమో చెప్పిన కథాభాగమైన అర్థవాదంలో పట్టవచ్చునని విభజించారు. నేను చేసినది సరిగ్గా దానికి తలకిందులు. విధిని కథగా మార్చి, కథలో నాకు అనుకూలమైన ముక్కను విధిగా చేసుకున్నాను. చదివేవాడి సౌకర్యం కూడా లక్షణకు ఒక కారణమని ఏ ఆలంకారికుడూ చెప్పలేదు.

ఇదంతా నాకు ఆ మార్గశిరంలో తెలియలేదు. తెలిసేలా చేసినది బాబాయే, అది కూడా ఆరు నెలల తరువాత. వైశాఖం, కాలువలు కట్టేసిన రోజులు. చేలు బీటలు తీసి, ఒక్కొక్క బీటలో చెయ్యి మణికట్టు దాకా దిగేలా ఉన్నాయి. కొబ్బరిచెట్టు నీడన కూర్చున్న నా దగ్గరికి ఆయన బైబిలు పట్టుకుని వచ్చారు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం కేంద్రంగా నాటిన బ్రదరెన్ అనే క్రైస్తవ శాఖ సంప్రదాయంలో పెరిగినవారు ఆయన. వాక్యంలో ఉన్నది ఉన్నట్టు చదవాలనేది ఆయన పట్టుదల. "మాస్టారూ, మీరు తెలుగు పంతులు గారు కదండీ. నిర్గమకాండంలో ఫరో సంగతి నాకు ఒక పక్క తెగట్లేదండి. దేవుడే అతని గుండె కఠినపరిచానన్నాడు. మళ్ళీ కఠినంగా ఉన్నందుకు దేవుడే శిక్షించాడు. అతని తప్పేంటండి?" అని అడిగారు. ఫరో అంటే ఇశ్రాయేలీయులను బానిసలుగా పట్టి ఉంచిన ఐగుప్తు (ఈజిప్టు) రాజు. వారిని వదలమని దేవుడు మోషే ద్వారా చెప్పించినా వినకపోతే, పది తెగుళ్ళు, అంటే విపత్తులు పంపాడు; చివరికి ఫరో సైన్యం సముద్రంలో మునిగింది. బైబిలులో నిర్గమకాండం చెప్పే కథ ఇది.

నేను నా అలవాటు ప్రకారం, ఫరో అంటే అహంకారం, ఐగుప్తు అంటే ఈ దేహం, ఇశ్రాయేలీయులంటే బందీ అయిన జీవుడు అని మొదలుపెట్టాను. ఆయన చివరిదాకా విని, "అహంకారానికి శిక్ష పడితే ఎవరికీ నొప్పి ఉండదండి. ఆ సముద్రంలో మునిగింది మనుషులండీ, గుర్రాలండీ," అన్నారు. గండి మాట ఆయన ఎత్తలేదు, ఆ రోజూ ఎత్తలేదు, ఆ తరువాతా ఎత్తలేదు. కాని మునగడం అనే మాట విన్న తరువాత నేను ఆయన కళ్ళలోకి చూడలేక, పుస్తకం ఇమ్మని తీసుకుని, చదవడం మొదలుపెట్టాను.

అప్పుడు కనిపించింది. తెలుగు బైబిలులో ఆ కథ అంతటా ఒకే క్రియ లేదు. ఒకచోట ఫరో హృదయం కఠినమైంది అని ఉంటుంది, ఒకచోట "కఠినపరచెను" అని, ఇంకొకచోట "కఠినపరచుకొని" అని. ఆ "కొను" అనే చిన్న అనుబంధాన్ని తెలుగువాడు పట్టించుకోకుండా ఉండలేడు. వండాడు అంటే ఎవరికోసమైనా కావచ్చు. వండుకున్నాడు అంటే తనకోసమే. కప్పల తెగులు తొలగి ఉపశమనం కలిగిన తరువాత ఫరో తన హృదయాన్ని కఠినపరచుకున్నాడు. ఈగలు పోయిన తరువాత మళ్ళీ అదే. దద్దుర్ల తెగులు వచ్చినప్పుడు, అంటే పది తెగుళ్ళలో ఆరవదాని దగ్గర, ఆ పని యెహోవా చేశాడని కథకుడు మొదటిసారి చెబుతాడు. హిబ్రూ మూలంలో కూడా ఇవి వేర్వేరు మాటలేనని, వాటిలో ఒకదానికి బరువు చేయడం అనే అర్థం ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ వరుసను మరీ చక్కగా దిద్ది చూపించడం న్యాయం కాదు, ఎందుకంటే ఫరో గుండెను కఠినపరుస్తానని దేవుడు మోషేతో ముందే అని ఉన్నాడు, వడగళ్ళ తరువాత మళ్ళీ ఫరోయే తన గుండెను కఠినపరచుకున్నాడు. అయినా, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మొక్కుకోవడం, గండం గడిచిన వెంటనే "కఠినపరచుకోవడం" అనే పద్ధతి అక్కడ స్పష్టంగా ఉంది. నీళ్ళు తీసిన తరువాత గట్టు మీద నిలబడి నేను చెప్పిన మాట కూడా ఉపశమనం కలిగిన తరువాత చెప్పినదే.

ఈ ఫరో ప్రశ్న మీద లోకంలో ఎంత రాశారో ఆ వేసవి అంతా వెదికి చదివాను. నన్ను అన్నిటికన్నా ఎక్కువ పట్టుకున్నది మూడో శతాబ్దం నాటి అలెగ్జాండ్రియా పండితుడు ఆరిజెన్. రూపకార్థ పఠనానికి ఆయన పెట్టింది పేరు; సూర్యచంద్రులు నాలుగో రోజున పుట్టారని ఆదికాండం చెబుతుంటే అంతకు ముందటి మూడు రోజులకు ఉదయ సాయంకాలాలు అక్షరాలా ఎలా ఉంటాయని అడిగినవాడు. అలాంటివాడు ఫరో దగ్గరికి వచ్చేసరికి అతన్ని గుణంగా కరిగించకుండా మనిషిగానే ఉంచాడు. కొందరు మనుషుల స్వభావం పుట్టుకతోనే నశించడానికి ఏర్పడిందని వాదించేవారు ఆయన కాలంలో ఉండేవారు. వారికి జవాబుగా ఆయన రెండు పోలికలు చెప్పాడు. వాన ఒక్కటే, కాని దున్ని సాగు చేసిన నేల పంటనిస్తుంది, బీడు నేల ముళ్ళనిస్తుంది. ఎండ ఒక్కటే, కాని మైనాన్ని కరిగిస్తుంది, బురదను గట్టిపరుస్తుంది. సూర్యుడు నోరు తెరిస్తే కరిగించేదీ నేనే, గట్టిపరిచేదీ నేనే అనగలడు, ఆ రెండూ నిజమే. మైనంగా ఉన్నదా బురదగా ఉన్నదా అన్నది ఎండకు గురైన వస్తువు సంగతి. ఆ పుటలు చదివి బయటికి వస్తే ఎదురుగా నా చేను బీటలు తీసి ఉంది. మార్గశిరంలో కాలు పెడితే మోకాలి దాకా దిగిన బురద, వైశాఖంలో గడ్డపారకు కూడా లొంగడం లేదు.

ఇంకా ఆశ్చర్యం, ఆరిజెన్ పేరు విని ఉండని శంకరాచార్యులు అయిదు వందల ఏళ్ళ తరువాత అదే వానను పోలికగా తెచ్చారు. ఈశ్వరుడే జీవుడి చేత చేయిస్తున్నట్టయితే ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఇచ్చిన పక్షపాత దోషం ఈశ్వరుడికి రాదా అన్న ప్రశ్నకు, పర్జన్యుణ్ణి చూడమన్నారు: వరికీ యవలకూ వాన సమానమైన కారణమే, వరి వరిగాను యవలు యవలుగాను మొలవడానికి కారణం ఆయా విత్తనాలు. కాలువ నీటి మీద బతికే మాకు ఈ మాటను అర్థం చేసుకోవడానికి వ్యాఖ్యానం అక్కరలేదు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించిన తరువాత గోదావరి నీరు మూడు డెల్టాలకు పారుతోంది. బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువలోకి వదిలిన నీరే నా చేనుకూ బాబాయ్ చేనుకూ వస్తుంది. ఆ నీటిని వంతు ప్రకారం పెట్టుకోవడం, వంతు తప్పించి మళ్ళించడం, చచ్చుబోదెలో వదిలేయడం మన పని. నీరు ఇచ్చినవాడే గండి కూడా కొట్టాడని అనడం నాకు ఇప్పుడు అబద్ధంగా వినిపిస్తుంది.

1524లో డచ్చి పండితుడు ఎరాస్మస్ మానవ స్వేచ్ఛను సమర్థిస్తూ ఫరో విషయంలో ఆరిజెన్ పోలికలనే ఆశ్రయించాడు. మరుసటి ఏడాది జర్మనీ మతసంస్కర్త లూథర్, అలంకారాల మాటున వాక్యాన్ని తప్పించుకోవద్దని, మాట సహజంగా ఇచ్చే అర్థం దగ్గరే నిలబడాలని తీవ్రంగా ఖండించి, మనిషి ఇచ్ఛ బందీ అని వాదించాడు. లూథర్ ముగింపును నేను అంగీకరించలేను గాని, ఆయన భయం ఎందుకో నాకు బాగా తెలుసు. అలంకారం ఒక తలుపు. దానిలోంచి ఏ దొంగైనా వెళ్ళిపోవచ్చు. నేను వెళ్ళాను.

దైవం అనే మాటే సాకు అని నేను అనడం లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడిన తుపానును చూసినవాణ్ణి. వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి; తెల్లవారి చూస్తే కొబ్బరితోటలు దువ్వినట్టు ఒకే వైపుకు పడి ఉన్నాయి. దాన్ని ఎవరు చేశారని మనుషులలో వెదకడం వృథా. గీత పద్దెనిమిదో అధ్యాయంలోనే పనికి అయిదు కారణాలు చెప్పబడ్డాయి: ఆధారమైన శరీరం, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, "దైవం చైవాత్ర పంచమమ్". దైవం ఉంది, అయిదోదిగా ఉంది. వాన దైవం. ఆ రాత్రి గట్టు మీద నిలబడిన శరీరం, చేసిన నేను, చేతిలోని పార, పది సార్లు వంగి లేచిన ప్రయత్నం, ఈ నాలుగూ నావి. నాలుగింటిని అయిదోదానిలో కలిపేసి లెక్క చెప్పాను.

రామానుజులు దీన్ని మరింత సూక్ష్మంగా తేల్చారు, వ్యవసాయదారుడికి వెంటనే తెలిసే ఉదాహరణతో. ఇద్దరికి ఉమ్మడిగా ఉన్న ఆస్తిని ఒకడు మూడోవాడికి ఇవ్వదలచుకుంటే రెండోవాడి అనుమతి లేకుండా చెల్లదు. అయినా ఇవ్వాలనుకుని ఇచ్చినవాడు మొదటివాడే కనుక దాని ఫలం అతనికే చెందుతుంది. అలాగే జీవుడు చేసిన తొలి ప్రయత్నాన్ని చూసి, పరమాత్మ అనుమతి ఇస్తాడు. అనుమతి లేకపోతే పార లేవదు. అనుమతి ఇచ్చాడు కనుక గండి ఆయనే కొట్టాడని చెప్పడం, ఉమ్మడి దస్తావేజు మీద సంతకం పెట్టించుకుని, అమ్మింది మా అన్నయ్యేనని ఊళ్ళో చెప్పుకోవడం లాంటిది. శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదన్న సామెతను కూడా నేను ఇప్పుడు ఇలాగే వింటాను: ఆజ్ఞ శివుడిది, కుట్టినది చీమ.

ఇంత చదివినా నేను బాబాయ్ దగ్గరికి వెళ్ళలేదు. విషయం తెలియడం, వెళ్ళి చెప్పడం రెండూ ఒకటి కావు. ఆ కార్తీకంలో సోమవారం నాడు పంటు ఎక్కి గౌతమి దాటి కోటిపల్లి రేవులో స్నానానికి వెళ్ళాను. అక్కడ మునిగితే కోటి రెట్ల ఫలం అని మావాళ్ళ నమ్మకం, నేనూ నమ్మే మునుగుతాను. నడుము లోతు నీళ్ళలో సంకల్పం చెప్పుకుంటూ ఉండగా, ఈ నది ఎలా వచ్చిందన్న కథ మనసులో కదిలింది. గౌతమ మహర్షి చేలో ఒక బక్క ఆవు పడి వరి మేస్తున్నది. ఆయన దాన్ని దర్భపోచతో అదిలించాడు. అది పడి చచ్చిపోయింది. అది నిజమైన ఆవు కాదు, ఆయన మీద అసూయ పడ్డ తోటి మునుల కోసం కల్పించబడిన మాయ గోవు. ఆ దోషం పోవడానికి ఆయన తపస్సు చేసి త్ర్యంబకం దగ్గర గోదావరిని దింపాడు.

చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. దీన్ని రూపకంగా చదివి, ఆవు అజ్ఞానమని, దర్భ జ్ఞానమని చెప్పవచ్చు. అక్షరాలా చదివి, త్ర్యంబకంలో ఆ చోటు చూసి రావచ్చు. ఆ రోజు నాకు ఆ రెండూ పట్టలేదు. గౌతముడికి ఎన్ని సాకులు ఉన్నాయో అదే కనిపించింది. గడ్డిపోచ దెబ్బకు గోవు చావదు. అది మాయ అని తెలిసిపోయింది. పన్నాగం ఇతరులది. చేను తనది. "గోవు పడింది" అంటే ఆయనను కాదనేవారు ఎవరూ లేరు. ఆయన "కొట్టాను" అన్నాడు. నేను నిలబడిన నీళ్ళు ఆ మాటలోంచి వచ్చినవి. అక్షరాలా వచ్చాయా అని అడిగితే, అవును, నేను ఆ కథను అక్షరాలా నమ్ముతాను. కాదని చెప్పే భూగోళ పాఠం కూడా నాకు తెలుసు, దాన్ని కూడా పిల్లలకు చెప్పాను. విధివాక్యం దగ్గర మాత్రం ఆ రెండు చదువులకూ తేడా లేదు.

మధ్యాహ్నం పంటు మీద తిరిగి వచ్చి, తడిబట్టల సంచితోనే బాబాయ్ ఇంటికి వెళ్ళాను. "ఆ గండి నేను కొట్టాను బాబాయ్," అన్నాను.

"తెలుసండి," అన్నారు ఆయన. "నీరు తెంచితే గట్టు అంచు కరిగిపోయి నున్నగా ఉంటదండి. అడుగున నిలువుగా కోసినట్టు ఉంది. పార గుర్తు నాకు తెలవదాండీ."

ఎకరానికి ముప్పై బస్తాల లెక్కన ముప్పై తొమ్మిది బస్తాల ఖరీదు ఇస్తానన్నాను. ఆయన కాగితం తీసుకుని కూర్చుని, ఏరుకుని ఆరబెట్టుకోగా పనికొచ్చిన ఆరు బస్తాలు తీసేసి, గొడ్లకు వేసిన గడ్డి ఖరీదు తీసేసి, మిగిలినది రాశారు. రెండు విడతల్లో ఇచ్చాను. రెండుసార్లూ లెక్కపెట్టుకుని తీసుకున్నారు. క్షమించానని ఆయన అనలేదు, నేను అడగనూ లేదు. తరువాతి ఏకాదశినాడు రామాలయంలో "యథేచ్ఛసి తథా కురు" దగ్గర ఆగి, పోయిన సంవత్సరం మార్గశిరంలో నేను ఏమి చేశానో అందరి ముందు చెప్పాను. కొందరు ఆ తరువాత గీత వినడానికి రావడం మానేశారు.

బాబాయ్, నేను ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. ఆయన బైబిలులోని రోమా పత్రిక, అంటే అపొస్తలుడు పౌలు రోములోని క్రైస్తవులకు రాసిన లేఖ, తొమ్మిదో అధ్యాయం దగ్గర ఆగిపోతారు. ఒక్క ముద్ద మట్టి నుంచే ఒక ఘటాన్ని ఘనతకు, ఒక ఘటాన్ని ఘనహీనతకు చేయడానికి కుమ్మరికి అధికారం లేదా అని పౌలు అడిగిన చోటు అది. మొన్న సార్వాకు ముందు మురుగు బోదె గట్టుకు ఇద్దరం మట్టి వేస్తున్నాం. నేను తెంచిన చోట ఇప్పటికీ గట్టు జానెడు కుంగుతుంది కనుక ఏటా అక్కడ వేయాలి. "మట్టి కుమ్మరిని అడగదండి మాస్టారూ. అలాగే రాసుంది," అన్నారు ఆయన. ఆరిజెన్ ఆ వాక్యానికి జోడీగా చూపిన మరో వాక్యం నాకు గుర్తుంది. చేతులు కడుక్కుని, పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక రెండో అధ్యాయం ఇరవై ఒకటో వచనం తీయమన్నాను. అక్కడా పాత్రలే, ఘనతకు కొన్ని, ఘనహీనతకు కొన్ని. ఎవడైనా "తన్నుతాను పవిత్రపరచుకొనినయెడల" ఘనత నిమిత్తమైన పాత్ర అవుతాడని ఉంది. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, వేలు పెట్టి, "పరచుకొనిన" దగ్గర ఆగి రెండుసార్లు చదివారు.

"ఇక్కడ మట్టే చేసుకుంటుందండి," అన్నారు.

"అవును బాబాయ్."

"మరి రెండూ ఆయనే రాశాడు కదండీ, పౌలు గారు." పుటలో ఒక వరిగడ్డి పోచ పెట్టి పుస్తకం మూశారు. "ఆదివారం మందిరం అయ్యాక వస్తానండి, చూద్దాం."